మేకల కోసం పట్టిన తుపాకీ

మా ఆయన రిటైరయ్యాక టొరంటో పక్క ఓక్‌విల్‌లో ఇల్లు అమ్మేసి, ఇక్కడే ఉన్న ఇంకో లండన్ దాటి ముప్పావు గంట దూరంలో పన్నెండెకరాల పొలం కొన్నాం. కొన్నాం అనడం మర్యాద కోసం. కొనిపించింది నేను. ముప్ఫై ఏళ్ళు ఆసుపత్రి ల్యాబులో నెత్తురూ మూత్రమూ పరీక్షించిన చేతులకు ఇకనైనా కాస్త మట్టి అంటాలని నా కోరిక. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని పెళ్ళయిన మొదటి వారంలోనే ఆయనకు తెలిసిపోయింది కాబట్టి పెద్దగా వాదించలేదు.

మేకల సంగతి మాత్రం మొదట అనుకున్నది కాదు. అది స్టూడెంట్ల వల్ల వచ్చింది. లండన్‌లోనూ విండ్సర్‌లోనూ ఏ బస్సెక్కినా తెలుగు వినిపించిన రోజులవి. సెమిస్టర్ మొదలైనప్పుడల్లా విమానాల నిండా పిల్లలు దిగేవాళ్ళు. ఒక్కో బేస్‌మెంట్లో ఎనిమిదేసి మంది. వాళ్ళకు పుట్టినరోజు వచ్చినా, చదువులో భాగంగా చేసే కో-ఆప్ ఉద్యోగం దొరికినా, వర్క్ పర్మిట్ అప్రూవ్ అయినా మటన్ బిర్యానీ కావాలి. అదీ సూపర్‌మార్కెట్లో గడ్డకట్టిన ముక్కలతో కాదు. మా పొలంలో సరదాగా పెంచుకుంటున్న రెండు మేకల ఫొటో ఏ వాట్సాప్ గ్రూపులో తిరిగిందో గానీ, "ఆంటీ, మీ దగ్గర మేకపోతు ఉందంట కదా" అని ఫోన్లు మొదలయ్యాయి. రెండేళ్ళు తిరిగేసరికి మంద ముప్ఫై దాటింది. జీవాన్ని మేము ఇస్తాం, లైసెన్సున్న కబేళాలో వాళ్ళు కోయించుకుంటారు. ఆ పిల్లలు వ్యాను తలుపు వేస్తూ "థాంక్యూ ఆంటీ" అంటుంటే, అరవై దాటాక నాకొక కొత్త ఉద్యోగం వచ్చినట్టుండేది. నిజం చెప్పాలంటే పాత ఉద్యోగం కంటే ఇదే నాకు ఎక్కువ నచ్చింది.

మూడో ఏడు వసంతంలో ఐదు మేకపిల్లలు పోయాయి. నాలుగు ఆనవాలు లేకుండా మాయమయ్యాయి. ఐదోది కంచె వార దొరికింది, వెనక తొడలు రెండూ చీరుకుపోయి. తల్లి పాలివ్వకపోతే నేను సీసాతో పెంచిన పిల్ల అది. నేను ఏడ్చాను, ఏడ్చినంతసేపూ తిట్టాను కూడా. ఎవర్ని తిడుతున్నానో నాకే తెలియదు.

పక్క పొలం పెద్దాయన్ని పిలిచాను. డెబ్బై అయిదేళ్ళ రైతు, భార్య పోయింది, కుక్కతో ఒక్కడే ఉంటాడు. మొక్కజొన్న వేస్తాడు, పది ఆవులున్నాయి. మాకు ట్రాక్టరు నడపడం నేర్పింది ఆయనే. వచ్చి, ఆ పిల్లను అటూ ఇటూ తిప్పి చూసి, "కయోటీ" అన్నాడు. మన నక్కకంటే పెద్దది, తోడేలు కంటే చిన్నది. ఈ చుట్టుపక్కల ప్రతి చెట్ల గుంపులోనూ ఉంటుంది. సాయంత్రమయ్యేసరికి దాని ఊళలు మేమూ వింటూనే ఉన్నాం. ఆయన కాళ్ళ దగ్గర కుక్క కూర్చుని తోక ఆడిస్తోంది. దానికి నా చపాతీలంటే ప్రాణం.

"ఒకప్పుడైతే నేనే కొట్టేవాణ్ణి. ఇప్పుడు కళ్ళు ఆనడం లేదు. నువ్వు నేర్చుకుంటానంటే నేర్పుతాను" అన్నాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయన నోరు విప్పారు. ఆయనది కరీంనగర్ వైపు, నాది ప్రకాశం జిల్లా. నలభై ఏళ్ళ కాపురంలో మా ఇద్దరి మాటలూ కలిసిపోయాయి గానీ, భయమేస్తే మాత్రం ఆయన పుట్టిన ఊరి మాట బయటికొస్తుంది.

"ఎందుకే మనకీ లొల్లి? ఇన్నేండ్లు ఈ దేశంల తుపాకి మొఖం చూడకుండ బతికినం. ఊరుకున్నంత ఉత్తమం లేదు. వచ్చే ఏడు ఒక్క పిల్ల పోయినా మందని అమ్మేద్దాం. టౌన్ల కాండో చూసుకుందాం."

"ఒక్కటి కూడా పోదు" అన్నాను నేను. అలా అన్నాక ఇక వెనక్కి తగ్గడం నా వంట్లో లేదు. మళ్ళీ మేకలు ఈనేలోపు నాకు లైసెన్సు రావాలి. వచ్చాక ఒక్క పిల్ల కూడా పోకూడదు. లేకపోతే నేను పన్నెండో అంతస్తు బాల్కనీలో తులసి మొక్కకు నీళ్ళు పోసుకుంటూ బతకాలి.

రూల్స్ చదవడం మొదలుపెట్టాను. ఈ విషయంలో నన్నూ నాలాంటివాళ్ళనూ తక్కువ అంచనా వేయకండి. వీసా నుంచి సిటిజన్‌షిప్ దాకా ఈ దేశపు ఫారాలు నింపి నింపి అరిగిపోయిన తరం మాది. ఏ చుక్క కింద ఏ మెలిక దాగుందో వాసన పట్టగలం. మా పొలంలో మా మేకల మీదికి వచ్చిన జంతువును ఆపడానికి వేట లైసెన్సు అక్కర్లేదు. కానీ తుపాకీ ఉంచుకోవాలంటే ఎవరికైనా తుపాకీ లైసెన్సు ఉండాల్సిందే. అది ఫెడరల్ వాళ్ళది. ఇక కయోటీలు కాపురముండేది మా పొలంలో కాదు, పెద్దాయన మొక్కజొన్న చేను వెనక చెట్లలో. అక్కడికి వెళ్ళి వేటాడాలంటే వేట కార్డూ, చిన్న జంతువుల లైసెన్సూ కావాలి. అది ప్రావిన్స్ వాళ్ళది. అంటే రెండు చదువులు, రెండు పరీక్షలు, వేర్వేరు కార్డులు. ప్రావిన్స్‌లో మేముండే దక్షిణ భాగంలో కయోటీకి ఏడాది పొడుగునా సీజనే, ఒక్కో జంతువుకు విడిగా కొనాల్సిన ట్యాగు అడగరు. ఉత్తరానికి పోతే ట్యాగు కావాలి. పొద్దు పొడవడానికి అరగంట ముందు నుంచి, కుంకిన అరగంట దాకానే తుపాకీ పేల్చాలి. ఆదివారం వేట కొన్ని టౌన్‌షిప్పుల్లో కుదురుతుంది, కొన్నింట్లో కుదరదు. రైఫిల్ సైజుకు కూడా మా కౌంటీలో హద్దుంది. పొలం ఎవరిదైతే వాళ్ళ అనుమతి ఉండాలి. ఇవన్నీ ఒక నోటుబుక్కులో తెలుగులో రాసుకుని, టౌన్‌షిప్ ఆఫీసుకు రెండుసార్లు ఫోన్ చేసి సరిచూసుకున్నాను. రెండోసారి ఆ ఫోనెత్తిన అమ్మాయే నా దగ్గర ఒక రూలు నేర్చుకుంది.

తుపాకీ క్లాసు రెండు రోజులు, ఒక పల్లెటూరి హాల్లో. బేస్‌బాల్ టోపీల మధ్య నేనొక్కదాన్నే చుడీదార్ అనుకుంటూ వెళితే, వెనక బెంచీ నుంచి "ఆంటీ! మీరిక్కడా?" అని కేక. నా దగ్గర మేకపోతు కొన్న కుర్రాళ్ళు నలుగురు. షూటింగ్ రేంజికి వెళ్ళి వీడియోలు తీసుకోవాలని వాళ్ళ ముచ్చట.

లంచ్‌లో నా పులిహోర డబ్బా చుట్టూ చేరి, అందులో ఒకడు మెల్లగా అసలు సంగతి ఎత్తాడు. అప్లికేషన్‌లో మనల్ని మూడేళ్ళుగా ఎరిగినవాళ్ళు ఇద్దరు సాక్ష్యం చెప్పాలి.

"ఆంటీ, మేము మీకు మూడేళ్ళ నుంచి తెలుసని ఒక్క సైన్ పెట్టేయండి. ఎవరు చెక్ చేస్తారు?"

"నువ్వీ దేశంలో దిగి ఏడాది కాలేదు. నువ్వు నాకు మూడేళ్ళుగా ఎలా తెలుసురా, కలలోకొచ్చావా?"

"అంటే... మన తెలుగువాళ్ళం కదా ఆంటీ."

"తెలుగువాళ్ళం కాబట్టే చెబుతున్నా. అబద్ధం రాసి తుపాకీ తెచ్చుకుంటే రేపు నీ పర్మనెంట్ రెసిడెన్సీ ఏమవుతుందో ఆలోచించావా? మూడేళ్ళు చదువుకో, ఉద్యోగం తెచ్చుకో, అప్పుడు అడుగు. సైన్ కాదు, నీ తరఫున ఫోన్లో కూడా మాట్లాడతా."

వాడు మొహం చిన్నబుచ్చుకున్నాడు గానీ పులిహోర మాత్రం రెండోసారి పెట్టించుకున్నాడు.

రాత పరీక్షలో ఒక్క మార్కు కూడా పోలేదు. ఆ ఊపులో ప్రాక్టికల్‌కి వెళ్ళాను. ఎగ్జామినర్ బల్ల మీదున్న రైఫిల్ చూపించి, చేతిలోకి తీసుకుని నేర్చుకున్నదంతా వరసగా చేసి చూపించమన్నాడు. నేను దాన్ని రెండు చేతులా భక్తిగా ఎత్తి, కళ్ళకద్దుకున్నాను.

కొత్త పుస్తకమైనా, కొత్త పెన్నైనా, ల్యాబుకు కొత్తగా వచ్చిన మైక్రోస్కోప్ అయినా మొదటిసారి ముట్టుకుంటే చేతులు వాటంతటవే కళ్ళ దగ్గరికి వెళతాయి. అరవై ఏళ్ళ అలవాటది. కళ్ళు మూసుకున్న ఆ ఒక్క క్షణంలో గొట్టం తిరిగి తిరిగి సరిగ్గా ఎగ్జామినర్ గుండెకేసి ఆగింది. వెనక నుంచి "అయ్యో ఆంటీ!" అని వినిపించింది. కళ్ళు తెరిచేసరికి ఆయన పక్కకు తప్పుకుని నిలబడి ఉన్నాడు.

"మేడమ్, ఇక్కడితో ఆపేద్దాం" అన్నాడు. ఎందుకలా చేశానో అడిగాడు. చెప్పాను. నవ్వలేదు, పాపం. "మీ దణ్ణాన్ని గౌరవిస్తాను. కానీ తుపాకీ చేతికొస్తే మొదట గొట్టం ఎటుందో చూడాలి. తర్వాత లోపల ఖాళీయో కాదో చూడాలి. దేవుడు ఆ తర్వాతే" అన్నాడు.

జీవితంలో మొదటిసారి ఒక పరీక్ష ఫెయిలయ్యాను. ఇంటికి వచ్చేదాకా కారులో రేడియో పెట్టలేదు. మా అమ్మాయి టొరంటో నుంచి ఫోన్ చేసి, "ఆర్ యూ సీరియస్, అమ్మా?" అని పది నిమిషాలు నవ్వింది. నాకు ఒళ్ళు మండి ఫోన్ పెట్టేశాను. నెల తర్వాత మళ్ళీ వెళ్ళి, చేతులు కళ్ళ దాకా రాకుండా మోచేతులు పక్కలకు బిగించి, పాసయ్యాను.

అప్లికేషన్‌లో ఇంకో గడి ఉంది. భార్యో భర్తో ఉంటే వాళ్ళ సంతకం. సంతకం లేకపోతే ఆఫీసువాళ్ళే వాళ్ళకు తెలియజేస్తారు. మా ఆయన ఆ కాగితాన్ని మూడు రోజులు డైనింగ్ టేబుల్ మీదే ఉంచుకున్నారు. ఆ మూడు రోజులూ నేను అడగలేదు. నాకది గొప్ప తపస్సు.

"ఏవండీ, నామీద మీకు భయమా?" అన్నాను నాలుగో రోజు.

"నీ మీద కాదే. నీ కోపం మీద."

ఆ మాట నాకు గుచ్చుకుంది. అయినా అందులో అబద్ధమేమీ లేదు. "కోపమొచ్చినప్పుడు తుపాకీ పెట్టె తాళం మీ దగ్గరే ఉంచుకోండి" అన్నాను. ఆయన పెన్ను అడిగి సంతకం పెట్టారు.

వేట పరీక్ష కూడా పాసై, రెండు కార్డులూ చేతికొచ్చేసరికి చలికాలం వచ్చింది. పెద్దాయన నాకు చలిలో కదలకుండా కూర్చోవడం నేర్పాడు. గాలి మన మొహానికి కొట్టేలా కూర్చోవాలి, లేకపోతే మన వాసన ముందు పోతుంది. కుందేలు అరుపు వినిపించే చిన్న స్పీకరును దూరంగా పెట్టాలి. అరుపు ఆపి, వేచి ఉండాలి. కనిపించిన దాన్ని మాత్రమే కాదు, దాని వెనక ఏముందో కూడా చూడాలి. ఆయన కుక్కను ఇంట్లోనే వదిలి వచ్చేవాడు. వేటకు తెస్తే కయోటీలు దాన్ని గాయపరుస్తాయని ఆయన బెంగ. డిసెంబరులో ఆరుసార్లు కూర్చున్నాం, ఆరుసార్లూ ఖాళీ చేతులతో లేచాం. ఏడోసారీ అంతే. ఎనిమిదోసారి, జనవరిలో, తెల్లారి మంచు మీద వెలుతురు పరుచుకున్నాక, చెట్లలోంచి అది వచ్చింది. గోధుమ, బూడిద కలిసిన రంగు. ఆగి, చెవులు నిక్కించి, స్పీకరు వైపు చూసింది. వెనక మట్టి గట్టు ఉంది. టైము చూసుకున్నాను. ఒక్క దెబ్బకే పడిపోయింది.

పెద్దాయన నా భుజం తట్టాడు. నేను గర్వపడ్డాను, దాచుకోవడం దేనికి. సీసాపాల పిల్ల గుర్తొచ్చి, "తీరిందా నీ ఆకలి" అని పైకే అన్నాను. ఆయన దాని తోలు పదును చేయించి ఇచ్చాడు. హాల్లో గోడకు తగిలించాను. మేకల కోసం వచ్చిన స్టూడెంట్లందరూ దాని పక్కన నిలబడి సెల్ఫీలు తీసుకున్నారు. "నక్కతోక తొక్కారు ఆంటీ" అని ఒకమ్మాయి అంటే, "తొక్కలేదమ్మా, లైసెన్సు తీసుకుని తెచ్చుకున్నా" అన్నాను. మా ఆయన కూడా వచ్చినవాళ్ళకు ఆ కథ చెప్పడం మొదలుపెట్టారు. ఆయన చెప్పేటప్పుడు దూరం రెట్టింపయ్యేది.

ఏప్రిల్లో మేకలు ఈనాయి. పదకొండు పిల్లలు. నేను రోజూ తెల్లవారకముందే లేచి, షెడ్డు పక్క గడ్డిమోపుల వెనక రైఫిల్‌తో కూర్చునేదాన్ని. రెండు వారాలు ఏమీ రాలేదు. మూడో వారంలో ఒక పొద్దున, అప్పుడప్పుడే మేకలు దొడ్లోకి వస్తుంటే, కంచె మూలలో తీగ వంగిన చోటు నుంచి ఒక ఆకారం లోపలికి దూరింది. గోధుమ రంగు, నిక్కిన చెవులు. నేను తుపాకీ ఎత్తేలోపే అది ఒక పిల్ల వెనక కాలు పట్టేసింది.

వెలుతురుంది. వెనక గట్టుంది. వేలు ట్రిగ్గర్ మీదికి పోయింది. నేర్పినట్టే ఇంకొక్కసారి చూశాను. మెడకు ఎర్ర కాలరు.

అది పెద్దాయన కుక్క.

రైఫిల్‌ని ఖాళీ చేసి మోపుల మీద పెట్టి, అరుస్తూ పరిగెత్తాను. అది పిల్లను వదిలి నన్ను గుర్తుపట్టింది. తోక ఆడించింది. మూతికి నెత్తురు. నా చేతిలో చపాతీ ఉందేమోనని చూసింది. తర్వాత వచ్చిన దారినే పోయింది. పిల్ల తొడ చీరుకుపోయింది గానీ బతికే ఉంది. ఒళ్ళో పెట్టుకుని, నెత్తురు ఆగేలా గుడ్డ నొక్కి పట్టుకున్నప్పుడు, కిందటేడు కంచె వార దొరికిన పిల్ల తొడలు కూడా ఇలాగే ఉన్నాయని తెలిసింది. కయోటీ గొంతు పడుతుంది. కాళ్ళూ తొడలూ చీల్చేది కుక్క. ఆ ముక్క నా నోటుబుక్కులోనే ఉంది, వేట పరీక్షకు చదివేటప్పుడు నేనే రాసుకున్నాను. కంచే చేను మేసిందని అనుకోవడానికి మనసు ఒప్పుకోలేదంతే.

పశువుల డాక్టరు కుట్లు వేసి, "బతుకుతుంది, కాస్త కుంటుతుంది" అన్నాక, నేను నేరుగా పెద్దాయన ఇంటికి వెళ్ళాను. దారంతా గొడవ పెట్టుకోవాలనే వెళ్ళాను. ఆయన వరండాలో కాఫీ తాగుతున్నాడు. కుక్క కాళ్ళ దగ్గర పడుకుంది. చూసింది చూసినట్టు చెప్పాను. ఆయన కాదనలేదు. వంగి, దాని మూతి రెండు చేతుల్లోకి తీసుకుని, కాలరు కింద వేళ్ళు పెట్టాడు. మేకపిల్లవి, నాలుగు తెల్ల వెంట్రుకలు వచ్చాయి.

"తుపాకీ చేతిలో ఉందా?"

"ఉంది."

"మేకను పట్టిన కుక్కను కాల్చే హక్కు నీకుంది. చట్టమే చెబుతుంది."

"తెలుసు. చదివాను."

"మరెందుకు కాల్చలేదు?"

"నీదని కనిపించింది."

ఆయన కుక్క తల నిమిరాడు. తర్వాత, భార్య ఆసుపత్రిలో ఉన్నప్పుడు తెచ్చిన కుక్కపిల్ల అని చెబుతూ ఏడ్చాడు. తిడదామని వెళ్ళిన నేను ఆయన పక్కన మెట్ల మీద కూర్చున్నాను. ఆ వారమే ఎత్తయిన కంచెతో దొడ్డి కట్టి కుక్కను అందులో పెట్టాడు. ఇప్పటికీ అందులోనే ఉంది. నేను వెళితే చపాతీ అడుగుతుంది. ఇస్తాను.

ఆ వసంతంలో పదకొండుకి పదకొండూ బతికాయి. మా ఆయన కాండో మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ తర్వాత ఏ ఏడూ ఒక్క పిల్ల కూడా పోలేదు. చెట్లలో కయోటీలు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి, రోజూ ఊళ వేస్తూనే ఉన్నాయి. ఒక్కటీ మా కంచె దాటలేదు.

గోడ మీది తోలు తీసేశాను. ఎందుకు తీశానని అడిగిన స్టూడెంట్లకు ఏదో చెబుతాను. జనవరిలో నేను చంపిన జంతువు విషయంలో నేను ఒక్క రూలు కూడా తప్పలేదు. లైసెన్సుంది, సీజనుంది, పొలం ఆయన అనుమతి ఉంది, వెలుతురు ఉంది, వెనక గట్టు ఉంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అది చేసిన తప్పొక్కటే లేదు.